దుప్పి అరిచే నెల

కాపెల్, టెక్సస్
ఆగస్టు చివరివారం

చిరంజీవి కావ్యశ్రీకి,

ఫణి బావ ఆశీస్సులు. పోస్టులో తెలుగు ఉత్తరం చూసి కంగారుపడకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. కావాలనే పెట్టడం లేదు. ఈ విషయం ఫోన్లలో ఉండకూడదు. నువ్వూ కాగితం మీదే రాయి. చదివాక దీన్ని చింపేయి.

లోకేష్ దొరికాడు.

మీ మిషిగన్ వదిలేసి ఇల్లినాయ్‌లో అరోరాకి మారాడట. మనవాళ్ళ వేటగాళ్ళ గ్రూప్ ఒకటి ఆన్‌లైన్‌లో ఉంది. అందులో పోయిన నెల పోస్ట్ పెట్టాడు. గైడ్ ఎవరూ లేకుండా అన్నీ సొంతంగా ప్లాన్ చేసుకుని న్యూజిలాండ్‌కి దుప్పి వేటకి వెళ్ళాలని ఉంది, తోడెవరైనా వస్తారా అని. చదివి ఫోన్ విసిరికొట్టబోయి ఆగాను. నీ భర్తని, నా తమ్ముణ్ణి కాల్చి చంపినవాడు మళ్ళీ వేటకి తోడు వెతుక్కుంటున్నాడు! కోర్టు దాన్ని ప్రమాదమంది, జైలు లేకుండా ప్రొబేషన్‌తో వదిలేసింది, వేట లైసెన్స్ తీసేసింది. ఇక్కడ కుదరదు కాబట్టి సముద్రం దాటి పోతాడన్నమాట.

నేను వస్తానని రాశాను.

అతనికి నేనెవరో తెలియదు. హర్షిత్ మా పిన్ని కొడుకు, ఇంటిపేర్లు వేరు. అతను దహనానికీ రాలేదు, పదకొండో రోజుకీ రాలేదు, ఇక నా మొహం ఎక్కడ చూస్తాడు? రెండుసార్లు వీడియోలో మాట్లాడాను. నవ్వుతూనే మాట్లాడాను. నాకే ఆశ్చర్యంగా ఉంది.

అక్కడ కొండ మీద ఇద్దరమే ఉంటాం. లాయర్ ఉండడు, కోర్టు ఉండదు. నిజం అతని నోటితోనే చెప్పిస్తాను. మీ విజయశ్రీ అక్కకి ఆఫీసు స్నేహితులతో ట్రిప్ అని చెప్పాను. నీకు మాత్రం దాచాలనిపించలేదు.

పాప కృతికి ముద్దులు.

ఫణి

*

ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్
సెప్టెంబర్

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరంలో "చిరంజీవి" అన్నాక చిన్న సిరా మచ్చ ఉంది. పెళ్ళయిన కొత్తలో మీరు నాకు రాసిన గ్రీటింగ్ కార్డు మీద ఆ చోట "సౌభాగ్యవతి" ఉండేది. ఇప్పుడు మీ కలం అక్కడికొచ్చి ఆగిపోయింది. లోకేష్ నా దగ్గర్నుంచి ఏం పట్టుకుపోయాడో ఆ మచ్చ చూస్తే చాలు.

కడుపు మండిపోతోంది బావగారూ. వేటకి వెళ్తాడా? ఏ మొహం పెట్టుకుని? మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని "వదినా, ఇంకొంచెం గోంగూర మటన్" అని గిన్నె ఖాళీ చేసేవాడు. తిన్నాక గొంతులోంచి జింక అరుపులు అరిచి కృతిని నవ్వించేవాడు. ఆయన పోయాక ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఈ గుమ్మం తొక్కలేదు. మాట్లాడొద్దని లాయర్ చెప్పాడట. ఏడవొద్దని కూడా లాయర్ చెప్పాడా?

పైగా మనవాళ్ళ మాటలు చూడండి. పోయిన వారం గుళ్ళో నాగమల్లేశ్వరి ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "ఆ పాపిష్టి సరదా ఎందుకమ్మా అతనికి? మూగజీవాల ఉసురు తగిలింది" అంది. అంటే తప్పు చచ్చినవాడిదే. మనిషని దూరం నుంచే తెలిసేలా ఆరెంజ్ చొక్కా వేసుకుని, ఆరెంజ్ టోపీ పెట్టుకుని, చెప్పిన చోటే కూర్చున్న మనిషిది తప్పు! ఏది కదిలిందో చూడకుండా కాల్చినవాడి గురించి ఒక్క మాట లేదు. నేను ఆవిడ చెయ్యి విదిలించుకుని వచ్చేశాను. ఇప్పుడు గుళ్ళో నన్ను పొగరుబోతంటున్నారు, అననీండి.

వెళ్ళండి. ఆయన బూట్లు నా దగ్గరే ఉన్నాయి, మీ సైజే. కావాలంటే పంపిస్తాను. కానీ ఒకటడుగుతాను. నిజం చెప్పిస్తానన్నారు. చెప్పకపోతే ఏం చేస్తారు?

కావ్యశ్రీ

తాజా కలం: మీ ఉత్తరం చింపలేదు. చింపను కూడా.

*

కాపెల్
అక్టోబర్

చిరంజీవి కావ్యకి,

నీ ప్రశ్నకి తర్వాత జవాబిస్తాను. ముందు ప్లాన్ విను.

న్యూజిలాండ్‌లో గైడ్ అక్కర్లేదు. ఎర్ర దుప్పులు ఆ దేశానివి కావు, ఎప్పుడో ఎవరో తెచ్చి వదిలారు, అవి అడవినంతా మేసేస్తున్నాయి. అందుకని ప్రభుత్వ అడవిలో వేటకి పర్మిట్ ఆన్‌లైన్‌లోనే ఇచ్చేస్తారు. తుపాకికి మాత్రం అక్కడి పోలీసుల దగ్గర విజిటర్ లైసెన్స్ తీసుకోవాలి. నాది అప్లై చేశాను. లోకేష్‌కి ఇక్కడ కేసుంది కాబట్టి రాదు. ఆ సంగతి అతనే చెప్పి, "నేను గన్ ముట్టను, మీకు దుప్పిని పిలిచి పెడతాను, అది చాలు" అన్నాడు. అంటే తుపాకి ఒక్కటే, అది నా చేతిలో. అతని చేతిలో బూర.

బూర సంగతి చెప్పాలి. ఏప్రిల్ నెలలో అక్కడ మగ దుప్పులు జత కోసం అరుస్తాయి. వేటగాడు పొదలో దాక్కుని బూరలో అదే అరుపు అరిస్తే, ఇంకో మగది వచ్చిందనుకుని అసలుది పోట్లాటకి బయటికొస్తుంది. ఇందులో ఒక ప్రమాదముంది. పొదలోంచి వచ్చే అరుపు దుప్పిదో, మనిషిదో దూరం నుంచి తెలియదు. ఆ నెలంతా అక్కడ అందరూ ఇదే హెచ్చరిక చెప్పుకుంటారట.

హెలికాప్టర్ మమ్మల్ని కొండ మీద ఒక చెక్క గుడిసె దగ్గర దింపి వెళ్ళిపోతుంది. మళ్ళీ వచ్చేదాకా చుట్టూ మనిషన్నవాడు ఉండడు. తిండి మేమే మోసుకెళ్ళాలి. కందిపొడి, అటుకులు డిక్లేర్ చేస్తే పర్వాలేదనుకుంటాను. కరివేపాకు, తేనె అసలు రానివ్వరట. బూట్లకి పిసరంత మట్టి ఉన్నా ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు. హర్షిత్ బూట్లు పంపు, కడిగి పంపు.

నేను ప్రతి శనివారం షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నాను. బొద్దింకని చంపడానికి కూడా విజయశ్రీని పిలిచేవాణ్ణి కదా, ఇప్పుడు చూస్తే నువ్వు నమ్మవు.

ఒక్క సాయం చేయి. ఆ రోజు ఆఫీసర్ అడిగినప్పుడు లోకేష్ ఏమన్నాడు? దాని అర్థం కాదు, అన్న మాటలే కావాలి.

ఫణి

*

ఫార్మింగ్టన్ హిల్స్
నవంబర్

బావగారికి,

మొన్న రెండో సంవత్సరీకం పెట్టాం. ఇక్కడ జింకల వేట మొదలయ్యే రోజులే అవి. ఆరెంజ్ టోపీలవాళ్ళు గ్యాస్ స్టేషన్లలో కాఫీ తాగుతూ కనిపిస్తారు. నేను తల తిప్పేసుకుంటాను.

మీరడిగిన మాటలు: "జంతువనుకున్నాను." అంతే. ఇంగ్లిష్‌లో అన్నాడు, దానికి ముందూ వెనకా ఏమీ లేదు. ఆఫీసర్ రాసుకున్నాడు, లాయర్ దాన్నే పట్టుకున్నాడు, కోర్టు దాన్నే నమ్మింది. నా భర్త చావు మీద పెట్టిన మూత ఆ ఒక్క మాట.

మీరు నా ప్రశ్నకి జవాబివ్వలేదు. అక్కర్లేదు, అర్థమైంది. బూర అతని చేతిలో, తుపాకి మీ చేతిలో. పొదలోంచి అరుపొస్తుంది. మీరు కాలుస్తారు. పోలీసులొస్తే ఆ మాటే మీరూ అంటారు. అందుకే కదా అక్షరం పొల్లుపోకుండా అడిగారు?

మీకు అబద్ధం చెప్పను. ఇది అర్థమైనప్పుడు నాకు భయం వేయలేదు, సంతోషం వేసింది. స్టవ్ మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. లోకేష్ భార్యకి ఎవరో ఫోన్ చేసి చెప్తుంటే, నేను కూలబడ్డట్టే ఆవిడ కిచెన్‌లో కూలబడుతుంటే, ఆ బొమ్మంతా కళ్ళ ముందు కట్టింది. బాగుందనిపించింది. నేనింత చెడ్డదాన్నని ఆయనకి తెలియకుండానే పోయారు.

బూట్లు కడిగాను. అడుగున ఆ రోజు మట్టి అలాగే ఎండిపోయి ఉంది, రెండేళ్ళుగా ముట్టుకోలేదు. పాత టూత్‌బ్రష్‌తో గీకి, సింక్‌లో నీళ్ళు వదిలాను. నల్లగా పోయింది. మొగుడి కాలి కింది మట్టి కూడా మిగలకుండా చేసుకున్నాను మీ ప్రయాణం కోసం. దానికి తగ్గట్టు ఉండాలి ఆ ప్రయాణం.

కావ్యశ్రీ

*

కాపెల్
జనవరి

కావ్యా,

బూట్లు అందాయి. ఇంట్లో వేసుకుని తిరుగుతున్నాను, కాలికి అలవాటు కావాలి కదా. విజయశ్రీ వింతగా చూస్తోంది.

అవును. నువ్వు అర్థం చేసుకున్నదే నిజం. నేను రాయలేకపోయాను, నువ్వు రాశావు. లైసెన్స్ వచ్చింది, టిక్కెట్లు తీశాను, హెలికాప్టర్ బుక్ చేశాను. లోకేష్ రోజూ మెసేజ్ పెడతాడు. అక్కడి గాలి ఎటు వీస్తుంది, దుప్పి ఏ వైపు నుంచి వస్తుంది, ఇవే. మంచివాడిలా మాట్లాడతాడు. అదే నాకు ఎక్కువ మంటగా ఉంది. చెడ్డవాడైతే ఎంత బాగుండేది!

హర్షిత్‌కి ఈత నేర్పింది నేను. అమెరికా వస్తానంటే ఎయిర్‌పోర్టుకి వెళ్ళి తెచ్చుకుంది నేను. మా పిన్నికి ఫోన్ చేసి ఆ వార్త చెప్పాల్సి వచ్చిందీ నేనే. పిన్ని నమ్మలేదు. "ఎవరో జంతువనుకుని కాల్చారు పిన్నీ" అన్నాను. "వాడు జంతువులా ఉంటాడట్రా?" అంది. ఆ తర్వాత ఆవిడ నాతో మళ్ళీ మాట్లాడలేదు. ఆ మాట నా నోటితో అనిపించినవాణ్ణి ఎలా వదలను?

నీకు ఇష్టం లేకపోతే ఒక్క ముక్క రాయి. మానేస్తాను. రాయకపోతే వెళ్తున్నాను.

ఫణి

*

ఫార్మింగ్టన్ హిల్స్
ఫిబ్రవరి

బావగారికి,

మానమని రాయను. చేయమనీ రాయను. ఏం రాసినా ఆ భారం సగం నా నెత్తిన పడుతుంది, ఇప్పటికే మోస్తున్నది చాలు.

ఒక్కటి మాత్రం అడుగుతాను, దానికి మీరు మాటివ్వాలి. కృతి మీద ఒట్టేసి ఇవ్వాలి.

ఈ పార్శిల్‌లో ఆయన బైనాక్యులర్స్ ఉన్నాయి. వేటలో ఆయనకి ఒక నియమం ఉండేది. తుపాకి మీది స్కోప్‌తో ఎప్పుడూ దేన్నీ వెతకకూడదు. స్కోప్‌లోంచి చూడడమంటే చూసిన ప్రతిదానికీ తుపాకి గురిపెట్టడమే అనేవారు. ముందు బైనాక్యులర్స్‌తో చూడాలి. కొమ్ములో, కాళ్ళో, కళ్ళో కనిపించాలి. ఆ తర్వాతే తుపాకి ఎత్తాలి. లోకేష్‌కి ఇది నేర్పించలేక తల పట్టుకునేవారు. "వాడు బద్ధకస్తుడే, మెడలో బరువని బండిలో వదిలేస్తాడు, అన్నీ స్కోప్‌తోనే చూస్తాడు" అని విసుక్కునేవారు. నేను పట్టించుకోలేదు, ఆఫీసు కబుర్లలాగే విన్నాను.

మీరు ఆయన బూట్లు వేసుకుని వెళ్తున్నారు. ఆయన నియమం కూడా పట్టుకెళ్ళండి. పొదలోంచి అరుపు వినిపిస్తే, ముందు వీటితో చూడండి. పూర్తిగా చూడండి. ఆ తర్వాత మీ ఇష్టం. నేను మళ్ళీ అడగను.

ఉత్తరం రాయనక్కర్లేదు. ఒట్టు వేశారని అనుకుంటాను.

కావ్యశ్రీ

*

న్యూజిలాండ్, కొండ కింది ఊరు
ఏప్రిల్

కావ్యా,

కిందికి దిగి వచ్చాం. ఇద్దరం. ఆ మాట ముందే రాసేస్తున్నాను, మిగతాది నింపాదిగా చదువు.

గుడిసె దగ్గర దిగిన రోజు నుంచీ అతను నాకు అర్థం కాలేదు. నేనూహించిన మనిషి కాదు. అన్నం తినడు, మాట్లాడడు. టీ పోసిస్తే తాగకుండా రెండు చేతులతో గ్లాసు పట్టుకుని కూర్చుంటాడు. చలేమో అనుకున్నాను. అనుమానం రాకూడదని ఆరెంజ్ జాకెట్ ఇస్తే గుడిసెలో మేకుకి తగిలించి, మట్టిరంగు స్వెటర్‌తో పొదల్లోకి దిగేవాడు. రోజూ పొద్దున్నే, నేను అడగకముందే దిగేవాడు. దిగేముందు ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూసేవాడు. మొదటి రోజుల్లో పొగమంచుండి నాకేమీ కనిపించలేదు. అతను మాత్రం దిగుతూనే ఉన్నాడు.

నాలుగో రోజో అయిదో రోజో పొగమంచు తీసింది. నేను గుట్ట మీద పడుకుని ఉన్నాను. కింద పొదలోంచి అరుపు మొదలైంది. ఆకులు కదిలాయి. మట్టిరంగు కనిపించింది. దానికోసమే కదా ఇంత దూరం వచ్చాను! తుపాకి ఎత్తాను. ఎత్తాక నీ ఒట్టు గుర్తొచ్చింది. తిట్టుకుంటూ దించి, బైనాక్యులర్స్ తీశాను.

మొహం కనిపించింది కావ్యా. బూర నోటికి పెట్టుకుని, నావైపే తిరిగి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. చిన్నపిల్లాడు ఇంజెక్షన్‌కి చెయ్యి చాపి కళ్ళు మూసుకుంటాడే, అలాగ. అరుస్తున్నాడు, మధ్యలో ఏడుస్తున్నాడు, మళ్ళీ అరుస్తున్నాడు. గడ్డం మీద కన్నీళ్ళు కూడా కనిపించాయి. మీ ఆయన కొన్న వస్తువులు అంత మంచివి.

చూశాక జంతువనుకున్నానని ఎలా అంటాను? పోలీసులతో అనగలనేమో. పిన్నితో అనలేను. ఇక పేలకుండా తుపాకిలోంచి బోల్ట్ ఊడదీసి జేబులో వేసుకున్నాను.

అతను పైకెక్కి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఎందుకు కాల్చలే అన్నా?" అన్నాడు.

"నీకు తెలుసా?"

"నాకు ఎరుకే. హెలికాప్టర్ ఎక్కకముందే ఎరుకే. నువ్వు హర్షిత్‌కి అన్నవైతవని."

"తెలిసీ ఎందుకొచ్చావురా?"

"ఏడికి పోవాలె మరి? రెండేండ్ల సంది ఏడికి పోయినా ఆడనే ఉన్న."

అప్పుడు చెప్పాడు. నేను అడగలేదు, గొంతు పట్టుకోలేదు, తనే చెప్పాడు. "ఆ దినం నేను చూడలే అన్నా. బైనాక్యులర్స్ బండ్లనే ఇడిసిపెట్టిన. ఏదో కదిలితే స్కోప్‌తోని చూద్దామని గన్ ఎత్తిన. చూసుడు కంటె ముందే వేలు పడ్డది. జంతువనుకున్న అని చెప్పిన గాని, నేనేం అనుకోలే. ఏం చూడనే లేదు."

ఎవరు చెప్పారు నీకు నా సంగతి అంటే మాత్రం నోరు విప్పలేదు. ఎంత అరిచినా విప్పలేదు. విజయశ్రీకి తెలియదు. మా పిన్నికి తెలియదు. ఇంకెవరికి తెలుసు కావ్యా?

మొత్తం ప్రయాణంలో తుపాకి ఒక్కసారి కూడా పేలలేదు.

ఫణి

*

ఫార్మింగ్టన్ హిల్స్
మే

బావగారికి నమస్కారాలు.

నేనే చెప్పాను.

పార్శిల్ మీకు పోస్ట్ చేసి, కార్‌లోకి వచ్చి కూర్చుని, అరోరాకి ఫోన్ చేశాను. నా గొంతు వినగానే "వదినా" అన్నాడు. ఆ పిలుపు నాకక్కర్లేదన్నాను. నీతో వచ్చే ఫణి ఎవరో చెప్పాను. నువ్వు పొదలో అరుస్తావు, ఆయన గుట్ట మీద తుపాకితో ఉంటాడు, కాల్చి నీ మాటే నీకు అప్పజెప్తాడు అన్నాను. వెళ్తావో మానతావో నీ ఇష్టం, ఆయనకి మాత్రం చెప్పకు అన్నాను. "పోతా" అన్నాడు.

బైనాక్యులర్స్ సంగతి అతనికి చెప్పలేదు. మీకేమో ఫోన్ సంగతి చెప్పలేదు.

నన్ను తిట్టుకోండి, పర్వాలేదు. మీరు కాల్చేస్తే అతనికి అది క్షణం పని. ఊరంతా భోజనం డబ్బాలు పట్టుకుని అతనింటికి వెళ్ళి "పాపం" అనేవాళ్ళు. మీరు జైల్లో ఉండేవారు, అతను ఫోటోలో దండేసుకుని నవ్వుతూ ఉండేవాడు. నాకది చాల్లేదు. ఆయనకి భయపడడానికి కూడా టైం దొరకలేదు బావగారూ. కాఫీ ఫ్లాస్క్ మూత తిప్పుతూ పోయారు. లోకేష్‌కి మాత్రం ఫోన్ చేసిన రోజు నుంచీ దొరికింది. ఆ కొండ మీద ప్రతి పొద్దూ దొరికింది. పొగమంచు పట్టిన రోజుల గురించి మీరు రాసింది చదివి, కాగితం పక్కన పెట్టి, గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆయన పోయాక అంత హాయిగా ఎప్పుడూ లేదు.

మీరు చూస్తారని నాకు తెలుసు. చూశాక కాల్చలేరనీ తెలుసు. అతని ప్రాణం కంటే ఎక్కువగా మీకు కావలసింది 'జంతువనుకున్నాను' అని అతని మాటే తిప్పి అనడం. చూసినవాడు ఆ మాట అనలేడు. ఒకవేళ నా లెక్క తప్పి ఉంటే? ఆ రోజులన్నీ నేనేం తిన్నానో, కృతికి ఏం పెట్టానో నన్ను అడగకండి.

పోయిన ఆదివారం మధ్యాహ్నం అతనొచ్చాడు. కృతి తలుపు తీసి "అమ్మా, ఎవరో అంకుల్ వచ్చింది" అంది. దాని తెలుగు మీకు తెలుసుగా. భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాణ్ణి గుర్తుపట్టలేదు. అతను అది విని తల దించుకున్నాడు. కాఫీ ఇవ్వలేదు. మంచినీళ్ళిచ్చాను, అదీ స్టీల్ గ్లాసులో కాదు, పేపర్ కప్పులో.

"ఎంత తిట్టినా పడతా" అన్నాడు. తిట్టనన్నాను. క్షమించను కూడా అన్నాను. క్షమిస్తే ఇంటికెళ్ళి హాయిగా పడుకుంటాడు. నవంబర్‌లో సంవత్సరీకం అయ్యాక గుడి హాల్లో భోజనాలుంటాయి, నాగమల్లేశ్వరి ఆంటీతో సహా అందరూ వస్తారు. అక్కడ అందరి ముందూ నిలబడి, కోర్టులో చెప్పనిది చెప్పమన్నాను. "అతను చెప్పిన చోటే కూర్చున్నాడు, ఆరెంజ్ వేసుకున్నాడు, నేను చూడలేదు." ఒక్క ఏడు కాదు, ఏటేటా రావాలి. కృతికి అర్థమయ్యే వయసు వచ్చాక దాని ముందు కూడా చెప్పాలి. తలూపాడు. ఆ మాటలు మా అత్తగారికి ఫోన్‌లో వినిపించే పని మాత్రం మీది. ఆవిడ మీతో మళ్ళీ మాట్లాడుతుంది, చూడండి.

బైనాక్యులర్స్ నాకు తిరిగి పంపొద్దు. అరోరా అడ్రస్ వేరే చీటీ మీద రాసి పెట్టాను, అక్కడికి పంపండి. ఎక్కడ పెట్టాలో అతనికి చెప్పే పంపాను. బీరువాలో కాదు, గరాజ్‌లో కాదు, బండి తాళాలు తగిలించుకునే మేకుకి. ఇంట్లోంచి అడుగు బయటపెట్టిన ప్రతిసారీ వాటిని పక్కకి జరిపి తాళాలు తీసుకోవాలి.

బూట్లు మీరే ఉంచుకోండి. వాటికి అంటిన ఆ కొండ మట్టి మాత్రం కడగకండి.

కావ్యశ్రీ